రంగు, గోరు, ముక్కు

కత్తి వదినకి ఆ పేరు నోటి వల్ల వచ్చిందా, నడుముకి వేలాడే కత్తి వల్ల వచ్చిందా అని అడిగితే, స్పాంజి తోటలో పనిచేసే మిగతా పదకొండుమందీ పదకొండు రకాలుగా చెబుతారు. రెండూ పదునే అనుకోండి. ముక్కు మీద కోపం, నాలుక చివర మాట ఎప్పుడూ సిద్ధంగా ఉండే మనిషి. అయినా ఆవిణ్ణి ఎవరూ పల్లెత్తు మాట అనేవారు కాదు. తోటలో ఏ స్పాంజి ఉండాలో, ఏది కోసి అవతల పారెయ్యాలో చెప్పేది ఆవిడే. ఆవిడ మాటకి తిరుగు లేదు.

తోట అన్నానని మట్టీ పాదులూ ఊహించుకోకండి. ఒడ్డు నుంచి రెండొందల అడుగులు నీళ్ళలో నడిస్తే ఛాతీలోతు వస్తుంది. అక్కడ అడుగున గుంజలు పాతి, గుంజకీ గుంజకీ మధ్య నైలాను తాళ్ళు లాగి, తాడు పొడవునా జానెడు ఎడంలో స్పాంజి ముక్కలు వేలాడదీస్తారు. కట్టినప్పుడు ముక్క పిడికెడుంటుంది. ఏడాది, ఏడాదిన్నరకి రెండు చేతుల్లో నిండుగా పట్టేంత అవుతుంది. అప్పుడు కోసి, నానబెట్టి, తొక్కి, ఉతికి, ఆరబెడితే లోపలి పీచు మిగులుతుంది. ఒళ్ళు రుద్దుకునేవాళ్ళకి కావలసింది ఆ పీచే. స్పాంజికి కాళ్ళు లేవు, కళ్ళు లేవు, కడుపు లేదు. పొద్దస్తమానం నీళ్ళు తాగడం, వదలడం, అంతే దాని బతుకు. ఒంటినిండా ఉన్న సన్నచిల్లుల్లోంచి నీళ్ళు పీల్చుకుని, అందులో దొరికిందేదో తిని, నడినెత్తిన ఉన్న పెద్దచిల్లులోంచి బయటికి ఊదేస్తుంది. "మా ఆయనకన్నా నయం. పొద్దున్నించి తాగుతూనే ఉన్నా ఎవరినీ ఒక్క మాటనదు," అనేది మిషనక్క. తాడు మీది స్పాంజి జారిపోకుండా తొడిగే వలసంచులు మిషను మీద కుట్టేది ఈవిడే, అందుకే ఆ పేరు.

ఈ పన్నెండు ఇళ్ళూ ఒకప్పుడు ఆల్చిప్పలు పెంచి బతికినవే. ఏడాదికేడాది పిల్లచిప్పలు పెంకు కట్టడం తగ్గించేశాయి. కట్టినా ఉల్లిపొరలా వేలికి చిట్లిపోయేది. మేత లోపమన్నారు, మందు లోపమన్నారు, పక్కవాళ్ళ దిష్టన్నారు. చివరికి సముద్రం లాబొరేటరీ నుంచి మీటరు పట్టుకుని ఒక మేడమ్ వచ్చి, నీళ్ళు పులుస్తున్నాయని తేల్చింది. నాలుకకి తెలిసే పులుపు కాదది. ఫ్యాక్టరీల పొగా బండ్ల పొగా సముద్రంలో కరిగి కరిగి, పెంకుకి కావలసిన సున్నం అందకుండా చేస్తుందట. పొగ వదిలేది మనుషులు, ఒంటి మీద బట్ట పోయేది చిప్పకి! ఇదెక్కడి న్యాయమో మీరే చెప్పండి.

కత్తి వదిన అత్తగారు మాత్రం ఏడుస్తూ కూర్చోలేదు. "పెంకు ఉంటేనే కదా ఈ గోల? పెంకు లేనిదాన్ని పెంచుదాం," అంది. రాళ్ళదిబ్బల వెనకాల మునిగి, ఒక స్పాంజిని నీళ్ళలోంచి బయటికి తీయకుండా బకెట్లోకి ఎక్కించి, ఆ బకెట్టుని నీళ్ళతో సహా తెచ్చింది. ఆ ఒక్కదాన్నుంచి అంచులు కోసి కోసి తోటంతా వేసింది. ఇది ఇరవై ఆరేళ్ళ కిందటి మాట. ఆ మొదటి స్పాంజి ఇప్పటికీ తోట నడుమ తన గుంజని పట్టుకుని కూర్చునే ఉంది. స్నానాల బకెట్టంత అయింది. అందరూ దాన్ని పెద్దావిడ అంటారు. ఏటా కొత్త ముక్కలు దాని అంచు నుంచే తీస్తారు, మళ్ళీ ఏడాదికి ఆ గాయం మానిపోయి ఉంటుంది. తాళ్ళ మీద ఉన్నవాటిని కోసి చూశారు, అవి అంత దెబ్బకి ఆగవు. రాళ్ళదిబ్బల వెనక ఇప్పుడు వెతికితే అలాంటిది ఇంకోటి దొరకదు. పెద్దావిడ పోయిందంటే తోట పోయినట్టే.

అత్తగారు పోతూ పోతూ కోడలికి కత్తిని ఇచ్చింది, దాంతోపాటు మూడు మాటలు ఇచ్చింది. రంగు, గోరు, ముక్కు.

స్పాంజి చచ్చిందో బతికుందో చూడగానే తెలియదు. చచ్చినా అలాగే వేలాడుతుంది. రెండు మూడు రోజులకి మెత్తబడి, జిగురు కారి, పక్కవాటికి కుళ్ళు అంటిస్తుంది. చేతికి మెత్తగా తగిలేదాకా ఆగితే తాడు తాడంతా పోయినట్టే. కాబట్టి ముందే కనిపెట్టాలి. మొదటిది రంగు. ఇంకు ఫిల్లరుతో పచ్చరంగు నీళ్ళని స్పాంజి పక్కన, నీళ్ళలోపలే, మెల్లగా వదలాలి. పది లెక్కపెట్టేలోగా నెత్తిన చిల్లులోంచి పచ్చగా ఊదిందా, దానికేం దిగుల్లేదు. ఊదకపోతే మర్నాడు చూడాలి, ఆ మర్నాడూ చూడాలి. మూడోరోజు కూడా ఊదకపోతే అప్పుడు గోరు. అంచున గోరంత ముక్క తుంచాలి. ఆఖరిది ముక్కు. ఆ గోరంత ముక్కని పైకి తెచ్చి వాసన చూడాలి. సముద్రం వాసనొస్తే వదిలెయ్యి, కుళ్ళిన గుడ్డు వాసనొస్తే కత్తి పెట్టు. అంతేగానీ అనుమానం తీర్చుకోవడానికి స్పాంజిని మొత్తంగా పైకి తీయకూడదు. లోపలి గొట్టాల్లో గాలి చిక్కుకుపోయి బతికున్నది కూడా చస్తుంది. మళ్ళీ నీళ్ళలో ముంచినా లాభముండదు.

ఇక అసలు సంగతికొస్తాను. రెండేళ్ళ కిందట కత్తి వదినకి జ్వరమొచ్చింది. పదిరోజులుండి పోయింది, పోతూ పోతూ వాసనని కూడా మూటగట్టుకుపోయింది. సబ్బు వాసన లేదు, కిరసనాయిలు వాసన లేదు, వాన పడితే మట్టి వాసన లేదు. డాక్టరు, "వస్తుందమ్మా, కొందరికి ఆలస్యమవుతుంది," అన్నాడు. ఇవాళ కాకపోతే రేపొస్తుందిలే అనుకుంది. రాలేదు. కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. చెబితే ఏమవుతుందో తెలుసు. వాసన తెలియని మనిషి చేతిలో కత్తెందుకు అంటారు.  అందుకే తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఊరుకుంది.

ఒకసారి దొరికిపోవలసింది. పొయ్యి పక్కనే కూర్చుని తాడు ముడులు విప్పుతోంది, పాలు మాడి గిన్నె బొగ్గయింది. రెండిళ్ళవతల ఉండే ఆడపడుచు పరిగెత్తుకొచ్చింది. పరిగెత్తడం ఆవిడ జన్మలో అదే మొదటిసారేమో. ఆవిడ పేరే నిదానం. మిగతావాళ్ళు ఒక వరస పని ముగించే వేళకి ఈవిడ నీటి కళ్ళద్దాలు తుడుచుకోవడం ముగిస్తుంది.

"వదినా! వీధి చివరిదాకా మాడు కంపు కొడుతుంటే పక్కనే కూర్చుని ఏం చేస్తున్నావే?"

"ఏదో ఆలోచనలో ఉన్నాను. నువ్వొక్కదానివే మనిషివా ఈ ఇంటికి, పెద్ద వచ్చింది చెప్పడానికి!" అని ఎదురు కరిచింది వదిన. తప్పు తనదైనప్పుడే ఆవిడకి గొంతు ఎక్కువ లేస్తుంది.

మరి ఈ రెండేళ్ళూ తోట పని ఎలా నెట్టుకొచ్చిందంటే, రంగు ఒక్కటే సరిపోయింది. మామూలు రోజుల్లో మూడు రోజులు ఊదని స్పాంజి దాదాపు చచ్చినట్టే లెక్క. గోరు ముక్కని ముక్కు దగ్గరికి తెచ్చి, మొహం చిట్లించి, "కుళ్ళింది," అనేది. కత్తి పెట్టేది. అదొక అలవాటైపోయింది. తనకి వాసన తెలియదన్న సంగతి ఒక్కోసారి తనే మరిచిపోయేది.

ఈ ఏడు ఎండలు మాత్రం అలా మరిచిపోనివ్వలేదు. పొద్దున తొమ్మిదింటికే నీళ్ళు వెచ్చగా కాళ్ళకి చుట్టుకునేవి. ఒడ్డున ఉన్న ఉతికే షెడ్డులోకి మీటరు మేడమ్ అందర్నీ పిలిచింది. నిదానం అప్పటికి వారం నుంచి ఊళ్ళో లేదు, కూతురి పురుడికెళ్ళింది.

"ముప్పై రెండు డిగ్రీలు," అంది మేడమ్, మీటరు అందరికీ కనిపించేలా తిప్పి. "ఇరవై ఎనిమిది దాటకూడదు."

"ఇంకో నాలుగు రోజులాగితే బట్టలు ఉడకేసుకోవచ్చు," అంది మిషనక్క.

"పులుపు కూడా పెరిగిందా మేడమ్?" ఇంకొకామె అడిగింది. ఆల్చిప్పల దెబ్బ ఇంకా ఎవరూ మరిచిపోలేదు.

"పెరిగింది. కానీ మీ స్పాంజికి ఉన్నది పీచు, పెంకు కాదు. పులుపు దానికి అంతగా పట్టదు. కొన్ని రకాల స్పాంజిల ఒంట్లో నాచులాంటి జీవాలు కాపురముంటాయి, వాటికైతే పులుపు వల్ల కాస్త ఊతం కూడా దొరకొచ్చు. మీకు శత్రువు వేడి. వేడి మీరితే స్పాంజి ఒంట్లో ఉండే మంచి సూక్ష్మజీవులు చెడిపోయి కుళ్ళు మొదలవుతుంది. అయితే అన్నీ చావవు. కొన్ని చిల్లులన్నీ మూసుకుని, ముడుచుకుని, నీళ్ళు పీల్చడం దాదాపు మానేసి కూర్చుంటాయి. చల్లబడేదాకా అలా నెట్టుకొస్తాయి."

"ఎన్నాళ్ళు కూర్చుంటాయి?"

"చెప్పలేను. అందుకే అంటున్నా, ఈ ఏడు రంగుని నమ్మకండి. రంగు వేసి చూస్తే చచ్చిందీ ఊదదు, మూసుకున్నదీ ఊదదు. వాసన ఒక్కటే గుర్తు. మీ ముక్కునే నమ్ముకోండి."

పది మొహాలూ ఒక్కసారి కత్తి వదిన వైపు తిరిగాయి. అప్పుడైనా చెప్పెయ్యాల్సింది. చెప్పిందా? ముక్కు మీద వేలు పెట్టి చూపించి, "ఇది మా అత్త దగ్గర పాఠం నేర్చిన ముక్కు మేడమ్. దీనికి మీటరు అక్కర్లేదు," అంది. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. 

ఆ మర్నాటి నుంచి కోత మొదలైంది. మూడు రోజులుగా ఊదనివి ప్రతి తాడు మీదా ఉన్నాయి. గోరంత ముక్క తుంచడం, పైకి తేవడం, ముక్కు దగ్గర పెట్టుకోవడం, అన్నీ చేస్తోంది. చేస్తున్నంతసేపూ లోపల ఒకటే లెక్క. కుళ్ళినదాన్ని వదిలేస్తే తాడంతా పోతుంది, మంచిదాన్ని కోస్తే ఆ ఒక్కటే పోతుంది. కోస్తేనే నయం. వినడానికి సబబుగానే ఉంది. తప్పు చేసేవాళ్ళకి లెక్క ఎప్పుడూ సబబుగానే వస్తుంది.

తోటలో ఇంటికొక తాడు. రెండోరోజు కత్తి వదిన మిషనక్క తాడు దగ్గరికొచ్చింది. ఆ తాడుకున్నవి పంతొమ్మిది. పంతొమ్మిదీ ఊదలేదు.

"అన్నీనా వదినా?" అంది మిషనక్క. "ఒక్కటంటే ఒక్కటైనా మిగల్లేదా? ఇంకోసారి వాసన చూడవా?"

"నాకేమన్నా సరదానా? కుళ్ళిందంటే కుళ్ళిందే! పక్కవాళ్ళవి కూడా పోవాలా నీ కోసం?"

 మిషనక్క నీటి కళ్ళద్దాలు తీసి, మొహం కడుక్కుని, మళ్ళీ పెట్టుకుంది. కోసినవాటిని తట్టలో తనే ఒడ్డుకి మోసుకెళ్ళింది.

నాలుగు రోజులకి డెబ్బై తొమ్మిది పోయాయి. షెడ్డు వెనక గుట్టగా పోస్తే, ఆ ఎండకి పూట తిరక్కుండానే కంపు లేచింది. అందరూ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నారు. వాళ్ళని చూసి కత్తి వదినా పెట్టుకుంది. చచ్చినవి కంపు కొట్టక ఏం చేస్తాయి అనుకున్నారు. గట్టున పడేస్తే బతికున్నవి కూడా సాయంత్రానికి అంతే కంపు కొడతాయని ఎవరికీ తట్టలేదు. పైగా ఒక మాట పుట్టింది. మొత్తం తాడు పోయింది మిషనక్కకే కాబట్టి, కుళ్ళు అక్కడి నుంచే పాకిందట. సంచులు బిగించి కుట్టిందట, స్పాంజిలకి ఊపిరాడలేదట. గోరంత దొరికితే కొండంత చెయ్యడం ఎవరికి చేతకాదు? ఇద్దరు తమ తాళ్ళు విప్పి మిషనక్క వరసకి దూరంగా కట్టుకున్నారు.  మిషనక్క తన తాడుని బ్లీచింగు నీళ్ళలో నానబెట్టి, ముడి ముడికీ బ్రష్షు పెట్టి తోముతూ షెడ్డులో కూర్చుంది. అది నిజమేనని తనే నమ్మేసింది పాపం.

ఐదోరోజు పొద్దున నిదానం ఊరి నుంచి వచ్చింది. మనవరాలు పుట్టిన సంగతి చెబుతూ నీళ్ళలో దిగేసరికి కత్తి వదిన అప్పటికే పదకొండు కోసి, తెప్ప మీద తట్టలో పెట్టేసింది. ఇప్పుడు పెద్దావిడ ముందు నిలబడి ఉంది. పెద్దావిడకి కూడా ఇది మూడో రోజు. రంగు వేసింది. పది లెక్కపెట్టింది, ఇరవై లెక్కపెట్టింది. పచ్చరంగు పక్కనే తేలి, చెదిరి, కరిగిపోయింది. నెత్తిన ఉన్న చిల్లు, ఎప్పుడూ బొటనవేలు దూరేంత ఉండేది, సూదిబెజ్జమంత అయిపోయి ఉంది.

గోరంత ముక్క తుంచి పైకి లేచింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏముంది? గాలి. మొహం చిట్లించబోయింది, మొహం మాట వినలేదు. డెబ్బై తొమ్మిదిసార్లు, ఆ పైన పదకొండుసార్లు ఆడిన నాటకం పెద్దావిడ ముందు ఆడలేకపోయింది. అత్త బకెట్టు మోసుకుంటూ ఒడ్డుకి రావడం, "జాగ్రత్త, తొణక్కుండా పట్టుకో," అనడం గుర్తొచ్చింది. భయమేసింది. నిజంగా, చిన్నపిల్లకి వేసినట్టు భయమేసింది.

"నిదానం," అంది. "ఇటు రా. నాకు జలుబు చేసింది. ఇది వాసన చూడు."

నిదానం వచ్చింది, తన పద్ధతిలో. కళ్ళద్దాలు తీసింది. చేతులు కడుక్కుంది. కొంగు పిండి చేతులు తుడుచుకుంది. తడిసిన కొంగుతో తడిచేతులు తుడుచుకుంటే ఏమవుతుందో ఆవిడకే తెలియాలి. ఇంకోరోజైతే వదిన ఈపాటికి నాలుగు తిట్టేది. ఇవాళ ముక్క చేత్తో పట్టుకుని ఎదురుచూసింది. నిదానం ముక్క అందుకుని వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"సముద్రం వాసనే వదినా. పచ్చిగా ఉంది. బతికే ఉంది పెద్దావిడ."

 కత్తి వదిన గుంజ పట్టుకుని నిలబడింది. సంతోషం పొంగింది, పొంగినంతసేపు కూడా నిలవలేదు. ఆవిడ చూపు తెప్ప మీది తట్ట మీద పడింది.

"ఇవి కూడా చూడు," అంది.

"నువ్వు కోసేసినవి కదా?"

"చూడమన్నానా లేదా!"

నిదానం ఒక్కొక్కటే తీసి చూసింది. రెండింటిని ఎడంగా పెట్టి మొహం తిప్పుకుంది. "ఈ రెండూ కంపు." మిగతా తొమ్మిదీ చూసింది. మొదటిసారి ఆవిడ చేతులు తొందరపడ్డాయి. "వదినా, వీటికేం కుళ్ళు లేదు. ఇవెందుకు కోశావు?"

తొమ్మిదీ గంట నుంచి ఎండలో, గాలిలో ఉన్నాయి. వాటినిక ఎవరూ బతికించలేరు.

"నాకు వాసన తెలీదే," అంది కత్తి వదిన. రెండేళ్ళుగా గొంతులో ఉన్న మాట, ఇంత చిన్న మాట. "జ్వరమొచ్చినప్పట్నుంచీ తెలీదు."

నిదానం చాలాసేపు ఆలోచించింది. ఆవిడ ఆలోచన కూడా ఆవిడలాంటిదే. "అయితే ఆ రోజు పాలు..." అంది చివరికి.

"ఆఁ. అందుకే."

"నేనింకా నువ్వు ముసల్దానివైపోతున్నావనుకున్నా." తర్వాత గొంతు తగ్గించింది. "అయిందేదో అయింది. నాకు తెలిసింది నాతోనే ఉంటుంది. ఇకనుంచి నేను వాసన చూస్తా, నువ్వు కొయ్యి. జలుబని చెబుదాం. ఎవరికీ చెప్పక్కర్లేదు."

అబద్ధం ఎందుకు? వదిన మనసు ఆ మాటకి ఒక్క క్షణం ఆశపడింది. ఆశపడకపోతే మనిషే కాదు. ఒడ్డు వైపు చూసింది. షెడ్డు గుమ్మంలో మిషనక్క వంగి కూర్చుని అదే తాడుని ఇంకా తోముతూ కనిపించింది. నైలాను అరిగిపోయేలా తోముతోంది.

కత్తి వదిన తట్ట నెత్తికెత్తుకుని ఒడ్డుకి నడిచింది. షెడ్డులో అందర్నీ పిలిచింది. నడుముకున్న కత్తి విప్పి, స్పాంజిలు తొక్కే రాతిబండ మీద పెట్టింది. తట్టలోని తొమ్మిదీ ఒక వరసలో, రెండూ విడిగా పేర్చింది.

"ఈ తొమ్మిదీ బతికున్నవి. నేను చంపాను. నాకు రెండేళ్ళ నుంచి వాసన తెలీదు. మేడమ్ చెప్పినరోజైనా చెప్పాల్సింది, చెప్పలేదు. మిషనక్క తాడు నుంచి ఏ కుళ్ళూ పాకలేదు. ఆవిడ సంచుల్లో ఏ తప్పూ లేదు. తప్పంతా నాది."

 అందరూ ఒకేసారి అరిచారు. "మరి మొహం చిట్లించేదానివి కదా!" అని ఒకరు, "నీ గొప్ప కోసం మా నోట మట్టి కొడతావా!" అని ఒకరు. ఆవిడ నోటికి భయపడి ఇన్నేళ్ళు దాచుకున్న మాటలన్నీ ఆ పూట బయటికొచ్చాయి.  అనిపించుకోవాల్సినవే అన్నారని ఆవిడకి తెలుసు.

మిషనక్క మాత్రం అరవలేదు. "నా పంతొమ్మిదిలో ఎన్ని బతికున్నాయి వదినా?" అంది.

"తెలీదు. ఇంకెప్పటికీ తెలీదు."

మిషనక్క తాడు చుట్టి చంకన పెట్టుకుని ఇంటికెళ్ళిపోయింది. ఆ తర్వాత కత్తి వదినతో మాట్లాడలేదు. ఎదురుపడితే పక్కనున్న గోడని చూసేది.

కత్తిని షెడ్డు గోడకి మేకు కొట్టి తగిలించారు. వాసన చూసే పని నిదానానికి ఇచ్చారు. ఒక్కో గోరు ముక్కకి ఆవిడ తీసుకునే టైముకి అందరికీ ఒళ్ళు మండేది, అయినా ఎవరూ తొందరపెట్టలేదు. ఇన్నాళ్ళ తొందరకి ఏమైందో చూశారుగా. మిగిలిన నూట యాభైలో ఆ వేసవి మొత్తానికి నిజంగా కుళ్ళినవి పదమూడు. కత్తి వదిన బండ దగ్గర తొక్కే పనికి మారింది. కొత్తగా చేరినవాళ్ళకిచ్చే పని అది, మడమలు పగులుతాయి. ఎవరూ చెయ్యమనలేదు, తనే చేసింది. రోజూ పొద్దున అందరికన్నా ముందు వెళ్ళి, పెద్దావిడ పక్కన ఫిల్లరుతో పచ్చరంగు వదిలి లెక్కపెట్టేది. రంగు చూడ్డానికి ముక్కు అక్కర్లేదు కదా. వంద దాకా లెక్కపెట్టి, లేచి, వచ్చి తొక్కేది.

మేడమ్ మీటరు ముప్పై రెండు దగ్గరే మొండికేసి కూర్చుంది. తర్వాత ముప్పై ఒకటి. వానలు పడ్డాక ముప్పై. ఐదోవారంలో ఇరవై తొమ్మిది. ఆ మర్నాడు కత్తి వదిన రంగు వదిలి ముప్పై ఎనిమిది దాకా వచ్చింది. ముప్పై తొమ్మిది అనబోతుండగా పెద్దావిడ నెత్తిన, సూదిబెజ్జం లోంచి, దారప్పోగంత పచ్చరంగు పైకి లేచింది. ఆవిడ నీళ్ళలోనే నోరు తెరిచి అరిచింది. అరిచి, ఉప్పునీళ్ళు మింగి, దగ్గుతూ పైకి లేచి మళ్ళీ అరిచింది. "ఊదింది! ఊదిందే! పెద్దావిడ ఊదింది!" ఒడ్డున ఉన్నవాళ్ళు ఎవరో మునిగిపోతున్నారనుకుని పరిగెత్తుకొచ్చారు.

ఇంకో మూడు వారాలకి చిల్లు మళ్ళీ బొటనవేలంత అయింది. పది లెక్కపెట్టేలోగా ఊదుతోంది. "ఇప్పుడిప్పుడే కోలుకుంటోంది. ఈ ఏడు పది ముక్కలు మించి తీయకండి," అంది మేడమ్. అంతకుముందు ఏటా పాతిక తీసేవారు.

"పదీ మిషనక్క తాడుకే," అంది కత్తి వదిన. రెండు నెలల్లో షెడ్డులో ఆవిడ గట్టిగా అన్న మాట అదొక్కటే. ఎవరూ కాదనలేదు.

కొయ్యడానికి అందరూ దిగారు. ముక్కలు పట్టడానికి టబ్బు నీళ్ళలో ముంచి ఉంచాలి, పెద్దావిడ అంచుని ఏటవాలుగా ఒక్క వేటుతో కొయ్యాలి, రంపంలా కోస్తే గాయం మానదు. నిదానం మేకు మీంచి కత్తి తెచ్చి వదిన చేతిలో పెట్టింది.

"నువ్వే కొయ్యి," అంది వదిన.

"నేను కోస్తే దీపాలు పెట్టే వేళవుతుంది. నీ చెయ్యే కావాలి. మా అమ్మ విద్య నీకే వచ్చింది, నాకు రాలేదు."

కత్తి వదిన కత్తి పట్టుకుని నిలబడింది. చెయ్యి కదల్లేదు. రంగు చూసింది, కళ్ళారా చూసింది, పచ్చగా ఊదింది. అయినా తన కళ్ళని కూడా తనే నమ్మలేకపోతోంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అప్పుడు మిషనక్క నీళ్ళు తోసుకుంటూ ముందుకొచ్చింది.  కళ్ళద్దాలు దించుకుని మునిగి, పెద్దావిడ అంచున గోరంత ముక్క తుంచి, పైకి లేచి ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చింది. ఆ తర్వాత టబ్బుని రెండు చేతులా పట్టుకుని, పెద్దావిడ పక్కన నీళ్ళలో ముంచి ఆనించింది.

"కొయ్యి వదినా," అంది. "బతికే ఉంది. నేను చూశాను."

కత్తి వదినకి కళ్ళద్దాల లోపలంతా తడైపోయి ఏమీ కనబడలేదు. తీసి, కడిగి, మళ్ళీ పెట్టుకుంది. ఊపిరి బిగబట్టి నీళ్ళలోకి వంగి, మొదటి ముక్క కోసి మిషనక్క టబ్బులో వేసింది.